ఆరో మజిలీ చప్పుళ్ళు

ఆల్డర్ క్రాసింగ్‌లో సూర్యుడికంటే ముందు లేచేదెవరని అడిగితే పాలు తాగే పిల్లవాడు కూడా సైమా కోర్పెలా పేరే చెబుతాడు. ఫిన్లండు నుంచి వలసొచ్చినవాళ్ళ మనవరాలు, ముప్పై నాలుగేళ్ళు బడి బస్సు నడిపిన మనిషి ఆమె. జనవరి చలిలో మీసాలున్నవాళ్ళ మీసాలు గడ్డకట్టే వేళ, నాలుగున్నరకల్లా లేచి, బస్సును బతిమాలి, అదిలించి, అరవై మైళ్ళ అడవి దారిలో పిల్లల్ని ఏరుకొచ్చేది. ఉద్యోగం అయిపోయి ఏడేళ్ళయినా పోయిన నిద్ర తిరిగి రాలేదు. అరవయ్యేడేళ్ళ వయసులో, ఇంట్లో తనొక్కతే ఉన్నా, చీకటితోనే లేచి రెండు కప్పుల కాఫీ తాగేసి, ఇంకా తెల్లవారనందుకు కిటికీని తిడుతూ కూర్చుంటుంది.

ఆ అలవాటే ఆమెను కౌజుల లెక్కలోకి దింపింది. ఆఫీసు కాగితాల్లో ఆ పిట్టను గ్రౌస్ అని రాస్తారు. ఈ ఊళ్ళో తాతలనాటి నుంచీ అది కౌజే. కోడిలో సగం ఉంటుంది. చలికాలమంతా ఆస్పెన్ చెట్ల మొగ్గలు తిని బతుకుతుంది, రాత్రయితే మెత్తటి మంచులోకి దూకి అందులోనే ముడుచుకుని పడుకుంటుంది. వసంతం రాగానే మగపిట్ట ఒక పడిపోయిన మాను మీదికెక్కి, ఆడపిట్టలు వినాలని రెక్కలతో గాలిని కొడుతుంది. మొదట దుప్పు, దుప్పు అని ఒక్కొక్క దెబ్బ. ఆపైన దగ్గరదగ్గరగా పడతాయి. చివరికి సందు లేకుండా బుర్రుమని దొర్లిపోయి ఆగిపోతుంది. పది సెకన్లలో అంతా అయిపోతుంది. పిట్ట కొంచెం కూత ఘనం అంటారు గానీ దీనికి కూతతో పనే లేదు. ఆ చప్పుడు చెవికంటే ముందు గుండెకు తగులుతుంది. కొత్తవాళ్ళు తమ గుండె దడే అనుకుని భయపడటం కూడా కద్దు.

ఇరవై రెండేళ్ళ కిందట అడవి జంతువుల ఆఫీసు వాళ్ళు ఆ చప్పుళ్ళు లెక్కపెట్టే మనిషి కోసం ఊళ్ళో వాకబు చేశారు. పొద్దుపొడుపుకు అరగంట ముందు మొదలుపెట్టాలి. అడవి దారిలో మైలుకొకటి చొప్పున పది మజిలీలు. ఒక్కోచోట బండి ఆపి, దిగి, నాలుగు నిమిషాలు కదలకుండా నిలబడి ఎన్ని చప్పుళ్ళు వినిపిస్తే అన్ని రాసుకోవాలి. గాలి వీచే రోజు పనికిరాదు. కూలీ లేదు, పెట్రోలు మాత్రం పోయిస్తారు. పొద్దున్నే లేవాలన్న మాట వినగానే మగవాళ్ళందరూ బూట్ల వంక చూసుకున్నారు. సైమా ఒప్పుకుంది. ఏప్రిల్ చివరలో ఒక శనివారం బయల్దేరింది, ఆ తర్వాత ఒక్క ఏడు కూడా మానలేదు.

లెక్క చేతికి వచ్చాక ఊరుకునే మనిషి కాదు. ఊరి వారపత్రికలో ప్రతి ఆగస్టు చివరా ఆ ఏటి వేట ఎలా ఉండబోతోందో రాయడం మొదలుపెట్టింది. జింకల సంగతి, ఎలుగుల సంగతి, కౌజుల సంగతి. గుర్రమంత ఎత్తుండే జింకజాతి మూస్ వేట ఆపేసి ఏళ్ళు గడిచాయి, అయినా ఆ ఏడు వాటి అడుగులు ఎక్కడెక్కడ కనబడ్డాయో రాసేది, దూరపు చుట్టం క్షేమసమాచారం రాసినట్టు. ముందు అంకె చెప్పేది, తర్వాతే మాట. బాగుంటే బాగుందనేది, లేకపోతే ఇంట్లో కూర్చుని మేజోళ్ళు అల్లుకోమనేది. మెత్తగా, అటూ ఇటూ కాకుండా రాయడం ఆమెకు చేతకాదు. ఆ రాత చూసుకునే రంపపు మిల్లులో మగవాళ్ళు సెలవులు పెట్టేవారు. నగరాల నుంచి వచ్చే వేటగాళ్ళు ఆ పేజీని చించి జేబులో పెట్టుకుని తిరిగేవారు.

పది మజిలీల్లోకీ ఆరోది ఆమెకు ప్రాణం. పెద్ద బురదనేల అంచున, ఆస్పెన్ తోపు పక్కన ఉంటుంది. మిగతా చోట్ల ఒకటో రెండో వినిపిస్తే గొప్ప, ఒక్కోచోట అదీ ఉండదు. ఆరో మజిలీలో మాత్రం ఐదు, ఆరు, ఒక ఏడయితే ఏడు. ఆఫీసుకు కొత్తగా ఎవరు వచ్చినా ముందు అక్కడికే తీసుకెళ్ళి, "కళ్ళు మూసుకుని విను. ఎవడో బండి స్టార్టుచెయ్యలేక అవస్థ పడుతున్నట్టు ఉంటుంది. మోసపోకు, అదే పిట్ట" అని పాఠం చెప్పేది. ఇప్పటి అధికారి, నార్వే తాతల మనవడు నీల్స్ ఓర్స్టాడ్ కూడా అక్కడే పాఠం నేర్చుకున్నాడు.

ఈ ఏడు ఏప్రిల్ ఇరవై తొమ్మిదిన ఆరో మజిలీ మూగబోయింది.

నాలుగు నిమిషాలు నిలబడింది. గడియారం చూసుకుని ఇంకో నాలుగు నిలబడింది, లెక్కకు రావని తెలిసీ. వడ్రంగిపిట్ట ఒకటి మాను పొడుస్తోంది, బురదలో కప్పలు అరుస్తున్నాయి. సున్నా అని రాసి, ఆ సున్నాను రెండుసార్లు దిద్ది బండెక్కింది. పదీ కలిపితే పదమూడు. నిరుడు పదహారు.

ఆమెకు అర్థం కానిది అదే. చలికాలం మెత్తటి మంచు పడింది, పైన పెంకు కట్టలేదు. కౌజులు పడుకోవడానికి అంతకంటే మంచి మంచు ఉండదు. జూన్ పొడిగా, వెచ్చగా గడిచింది. జులైలో దారి వెంట వెళ్తుంటే తల్లి కౌజు వెనక ఏడేసి, ఎనిమిదేసి పిల్లలు అడ్డంగా పరిగెత్తడం తన కళ్ళతోనే చూసింది. కళ్ళు ఒకటి చెబుతున్నాయి, కాగితం ఇంకొకటి చెబుతోంది. కళ్ళు ఎవరి మీదైనా మోజు పడతాయి, కాగితానికి ఆ జబ్బు లేదని ఆమె సిద్ధాంతం. అంచేత పడిపోయిందనే రాయాలని నిశ్చయించుకుంది.

ఆగస్టు మూడో సోమవారం ట్రూడీ వచ్చింది. సైమా అక్క కూతురు. తల్లి పోతూ ఇచ్చిన ఎనిమిది అద్దె గదులు సరస్సు ఒడ్డున నడుపుతోంది. ఎండాకాలం చేపల వాళ్ళు, సెప్టెంబరు నుంచి వేట వాళ్ళు. వరసగా రెండేళ్ళు కౌజులూ లేవు, జింకలూ లేవు, గదులు బోసిపోయాయి. వచ్చీ రాగానే బల్ల దగ్గర కూలబడింది.

"పిన్నీ, ఒక్క మాట అడుగుతా, తిట్టకు. ఈ ఏడు పిట్టల సంగతి ఏం రాస్తున్నావ్?"

"వచ్చే వారం పేపర్లో చూసుకో. నీకోసం ముందు వడ్డన లేదు."

"డులూత్ పట్నంలో ఒక హాస్టల్ వంటింట్లో పనుందిట. సెప్టెంబరు ఒకటికి రమ్మంటున్నారు. పిట్టలు లేవని నువ్వు రాస్తే ఒక్కడూ రాడు. ఊరికే పొయ్యిలు వెలిగించుకుని ఎవరికోసం కూర్చోను? గొట్టాల్లో నీళ్ళు తీసేసి తాళం వేసుకుపోతా."

"మీ అమ్మ కట్టించిన గదులే అవి."

"అమ్మే వచ్చి అద్దె కడుతుందా పిన్నీ? నువ్వేం అబద్ధం రాయక్కర్లేదు. కొంచెం... పిల్లల్ని చూశానన్నావుగా, అదే ముందు రాసి, ఆ అంకె ఎక్కడో కింద..."

"అంకె కిందకి తోస్తే మాట మీదకి తేలుతుందనుకున్నావా? పోవే. ఇరవై రెండేళ్ళలో అలా రాయలేదు, ఇప్పుడూ రాయను."

ట్రూడీ కాఫీ సగం వదిలేసి లేచిపోయింది. ఆ సగం కప్పును కడుగుతుంటే సైమాకు ఏడుపొచ్చింది. పిల్ల అడిగినదాంట్లో తప్పులేదు. తను చెప్పినదాంట్లోనూ తప్పులేదు. అలాంటప్పుడే మనిషికి ఎక్కువ కష్టంగా ఉంటుంది.

బుధవారం మధ్యాహ్నం ఎప్పటిలాగే యాలకుల రొట్టె కాల్చుకుని వృద్ధాశ్రమానికి వెళ్ళింది, ఉర్హో నిస్కలాను చూడటానికి. సైమా భర్త బతికున్న రోజుల్లో ఉర్హో అతనితో కలిసి దుంగలు కొట్టేవాడు. పెళ్ళి చేసుకోలేదు, ఎనభై నాలుగేళ్ళు వచ్చేదాకా ఎనిమిది ఆవులతో ఒంటరిగా కాపురం చేశాడు. నిరుడు డిసెంబరులో మంచుమీద జారి తుంటి విరిగాక ఆవుల్నీ పొలాన్నీ అమ్మేసి ఇక్కడ చేరాడు. అప్పటినుంచీ వచ్చినవాళ్ళందరికీ తన పొలం కొన్నవాళ్ళ మీద చాడీలు చెప్పడమే పని.

"నా ఇంజను మూలన పడేశారుట పిల్లా. కరెంటు మోటారు పెట్టారుట. మీట నొక్కితే నీళ్ళొస్తాయిట. సిగ్గులేదూ?"

"నీళ్ళు రావడానికి సిగ్గెందుకన్నా?"

"నీకేం తెలుసు. మా నాన్న తెచ్చిన ఇంజను అది. ఒంటి సిలిండరు. పొద్దున్న ఆరు కొట్టేసరికి చక్రం పట్టుకుని తిప్పేవాణ్ణి. చలికి మొండికేసేది, నా దగ్గరా నీ వేషాలు అని మళ్ళీ తిప్పేవాణ్ణి." ముసలాయన చెయ్యెత్తి కుర్చీ చేతిమీద అరచేత్తో కొట్టడం మొదలుపెట్టాడు. "ఇదిగో, ఇలా లేచేది. దుప్పు... దుప్పు... దుప్పు, దుప్పు, దుపదుపదుప, బుర్ర్... అంతే, చచ్చేది. మళ్ళీ తిప్పు. ఐదారుసార్లు చచ్చి బతికితే గానీ తొట్టిలోకి చుక్క పడేది కాదు."

సైమా చేతిలో రొట్టె కోసే చాకు అలాగే ఉండిపోయింది.

"మళ్ళీ కొట్టన్నా," అంది.

"ఏం కొట్టను?"

"ఆ ఇంజను. మళ్ళీ ఒకసారి కొట్టు."

తన ఇంజను మీద ఒకరికి ఇంత ఆసక్తి కలగడం చూసి ఉర్హో పొంగిపోయి మళ్ళీ కొట్టాడు. సైమా కళ్ళు మూసుకుని వింది, అందరికీ నేర్పినట్టే. ఆమె ముందు వృద్ధాశ్రమం గోడలు లేవు, ఆరో మజిలీ ఉంది. ఉర్హో పొలానికి రోడ్డు మీద వెళ్తే బురదనేల చుట్టూ తిరిగి పదకొండు మైళ్ళు. అందుకే అది ఎక్కడో ఇంకో దిక్కున ఉందని ఊరందరి లెక్కా. బురద మీదుగా గీత గీస్తే అరమైలు కూడా లేదు. ఆరో మజిలీకి ఆమె చేరేది సరిగ్గా ఆరు దాటిన ఐదు నిమిషాలకు. ఇంజను నిలకడగా ఆడే వేళకు బండెక్కి ఏడో మజిలీ వైపు పోయేది.

"ఏంటే పిల్లా, అలా పాలిపోయావ్? రొట్టె తిను," అన్నాడు ఉర్హో.

అనుమానం వస్తే నిద్రపోయే రకం కాదు గనక మర్నాడే తేల్చుకుంది. ఉర్హో పొలం కొన్న కుర్ర దంపతులకు ఫోన్ చేసి, ఉదయం ఆరూ ఐదుకు ఆ పాత ఇంజను ఒకసారి తిప్పి పుణ్యం కట్టుకోమంది. ఎందుకని అడిగితే, "తర్వాత చెబుతా, ఇప్పుడు చెబితే నవ్వి తిప్పలేరు" అంది. ఆగస్టులో కౌజులు రెక్కలు కొట్టవు, కాబట్టి వినిపిస్తే పిట్ట అనుకోవడానికి లేదు. అలవాటు కొద్దీ అట్ట, కాగితం, పెన్సిలు కూడా పట్టుకుని ఆరో మజిలీలో దిగింది. ఆస్పెన్ ఆకులు కూడా కదలని పొద్దు.

దుప్పు. దుప్పు. దుప్పు, దుప్పు, ఆపైన బుర్రుమని దొర్లి ఆగిపోయింది.

కొంచెంసేపటికి మళ్ళీ లేచింది, మళ్ళీ చచ్చింది. నాలుగు నిమిషాల్లో ఆరు. ఆమె చెయ్యి తనంతట తానే కాగితం మీద ఆరు అని వేసింది. అది చూసుకుని సైమా బండి బంపరు మీద కూర్చుండిపోయింది. ఇరవై రెండేళ్ళుగా తను ప్రాణంగా చూసుకున్న పిట్ట, ఉర్హో నాన్న కొన్న ఇంజను. ఇంజనును ఇంజనే అనుకునేవాడెవడైనా ఈ పొరపాటు చెయ్యడు. పిట్ట చప్పుడు ఇంజనులా ఉంటుందని అందరికీ పాఠాలు చెప్పినవాళ్ళే చెయ్యగలరు.

తల కొట్టేసినట్టయింది. అంతకన్నా కష్టమైన సంగతి ఇంకోటి గుర్తొచ్చింది. పదకొండేళ్ళ కిందట నగరం నుంచి వచ్చిన వేటగాడొకడు కౌజు చప్పుడు విని, ఎవరి బండో ఆగిపోయిందని సాయం చెయ్యడానికి అడవిలోకి పరిగెత్తాడు. దాన్ని ఆమె పత్రికలో ఉప్పూ కారం వేసి రాసింది. ఊరు నెల రోజులు నవ్వింది. ఆ మనిషి మళ్ళీ ఈ దరిదాపులకు రాలేదు. సాయం చెయ్యడానికి పోయినవాణ్ణి నవ్వులపాలు చేశానే అని ఇప్పుడు ఆ బంపరు మీద కూర్చుని సిగ్గుపడింది.

అయితే బస్సు నడిపిన బుర్ర ఊరుకోదు. ఇంటికొచ్చి పాత కాగితాలన్నీ బల్లమీద పరిచింది. ఆరో మజిలీ తీసేస్తే ముందటేడు తొమ్మిది. నిరుడు పది. ఈ ఏడు పదమూడు, అందులో ఇంజను లేదు, ఆస్పెన్ తోపుల్లోంచి వచ్చిన పిట్టలే అన్నీ. పదహారు నుంచి పదమూడుకు పడలేదు. పది నుంచి పదమూడుకు లేచింది. మెత్తటి మంచూ, పొడి జూనూ, దారికడ్డంగా పరిగెత్తిన పిల్లలూ అబద్ధమాడలేదు. కళ్ళు చెప్పింది నిజమే.

చాలా ఏళ్ళ తర్వాత మంచి కబురు వచ్చింది, తన పరువు తీస్తే తప్ప బయటపెట్టలేని మంచి కబురు.

నీల్స్‌కు ఫోన్ చేసి అంతా చెప్పింది. అవతల కుర్చీ కిర్రుమంది.

"నవ్వుతున్నావా?"

"లేదండీ. నేను కూడా అక్కడే విన్నానండీ. నాలుగేళ్ళ కిందట. ఆరు. చాలా బాగుందని రిపోర్టులో కూడా రాశా."

"నార్వే వాళ్ళ చెవులు అంతేలే, నాకు ముందే తెలియాల్సింది."

"మరి ఫిన్లండు వాళ్ళ చెవులో?" అని, అంతలో సర్దుకున్నాడు. "ఆఫీసులో నేను చూసుకుంటాలెండి. ఆరో మజిలీ అన్ని ఏళ్ళలోంచీ తీసేస్తాం. కాగితం అడుగున ఒక చిన్న గమనిక. ఎవరూ చదవరు. మీరు పేపర్లో ఇదంతా రాయక్కర్లేదు. ఈ ఏడు పిట్టలు బాగున్నాయని నాకనిపిస్తోంది అని రాసెయ్యండి. మీ మాట అందరూ నమ్ముతారు."

ఆ మాటతోనే ఆమెకు దారి కనబడింది. నమ్ముతారు, నిజమే. అంకె లేకుండా, కారణం లేకుండా, సైమా అంది కాబట్టి నమ్ముతారు. ఇరవై రెండేళ్ళు ఉర్హో ఇంజనును నమ్మింది కూడా అలాగే.

"ఈ లెక్క వచ్చే ఏడు నాకిస్తారా, ఇంకొకరికిస్తారా?" అని మాత్రం అడిగింది.

"అది పైవాళ్ళు చెప్పాలండీ," అన్నాడు నీల్స్. మంచివాడు, తీయగా అబద్ధం చెప్పడం అతనికీ చేతకాదు.

శుక్రవారం పొద్దున్న కాఫీ కూడా తాగకుండా రాయడానికి కూర్చుంది. రాసి చించింది, మళ్ళీ రాసింది. ఎలా మొదలుపెట్టినా సంజాయిషీలా ఉంది. చివరికి బస్సు ఆలస్యమైతే పిల్లల తల్లులకు చెప్పినట్టు తిన్నగా చెప్పేసింది.

"ఈ ఏడు కౌజు చప్పుళ్ళు పదమూడు. నిరుడు పదహారని రాశాను. అది తప్పు. ఆరో మజిలీలో నేను ఇరవై రెండేళ్ళుగా లెక్కపెట్టింది ఉర్హో నిస్కలా నీళ్ళ ఇంజను. అక్కడ ఒక్క పిట్ట కూడా ఉండి ఉండకపోవచ్చు. ఆ ఇంజను తీసేస్తే నిరుడు పది, ఈ ఏడు పదమూడు. కౌజులు పెరిగాయి. జులైలో మూడో మజిలీ దగ్గర, తొమ్మిదో మజిలీ దగ్గర తల్లి వెనక ఏడెనిమిది పిల్లల్ని చూశాను. జింకలు రెండు చెడ్డ చలికాలాల తర్వాత తేరుకున్నాయి, కవల పిల్లలతో తల్లులు కనబడుతున్నాయి. కొమ్ములున్నవి ఈ నవంబరులో తక్కువే, వచ్చే ఏడు చూడండి. అడవిలో పళ్ళు విరగకాశాయి, కాబట్టి ఎలుగులు మీరు పెట్టే ఎర వంక కూడా చూడవు. మూస్ అడుగులు ఉత్తరపు బురదలో రెండుచోట్ల చూశాను. పదకొండేళ్ళ కిందట కౌజు చప్పుడు విని బండి ఆగిందనుకున్న మనిషిని ఈ పేజీలోనే ఎగతాళి చేశాను. ఆయన ఒక్కసారే పొరపడ్డాడు. నేను ఇరవై రెండుసార్లు పొరపడ్డాను. ఆయనకు నా క్షమాపణ."

పంపించేసి, గబగబా కాఫీ తాగి నోరు కాల్చుకుంది.

తర్వాతి గురువారం పత్రిక వచ్చింది. ఆ రోజు పొద్దున్న హిల్డా కాఫీ హోటలుకు వెళ్ళకపోతే ఎలా ఉంటుందా అని సైమా చాలాసేపు ఆలోచించింది. వెళ్ళకపోతే శుక్రవారం వెళ్ళాలి, శుక్రవారానికి నవ్వు ఇంకా పులుస్తుంది. పచ్చ కోటు వేసుకుని బయల్దేరింది.

తలుపు తీయగానే లోపలున్నవాళ్ళందరూ మాట ఆపేశారు. ఆ తర్వాత మూల బల్ల దగ్గర ఎవడో బల్లమీద అరచేత్తో దుప్పు, దుప్పు అని మొదలుపెట్టాడు. పక్కవాడు అందుకున్నాడు. చూస్తుండగానే హోటలంతా బల్లలు వాయించి బుర్రుమంది, కప్పులు గలగలలాడాయి. హిల్డా కూడా గరిటెతో పెనం మీద వాయించింది.

"ఎన్ని లెక్కపెట్టావ్ సైమా?"

"పదకొండు మగపిట్టలు," అంది సైమా. "ఒక్కటి కూడా ఆడపిట్ట మొహం చూసే రకం కాదు."

హోటలంతా పడిపడి నవ్వింది. సైమా కూడా నవ్వింది, మొహం ఇంకా మండుతూనే ఉంది. తను భయపడినంత ఘోరంగా లేదు. అయినా నవ్వేది చుట్టాలైనా నవ్వులపాలు కావడం నవ్వులపాలు కావడమే, గరిటె దెబ్బ గరిటె దెబ్బే. కిటికీ దగ్గర కూర్చుని రొట్టె తెమ్మని చెప్పింది.

అందరి నవ్వులోనూ నవ్వనివాడు ఒకడున్నాడని అప్పుడు గమనించింది. రైనో కివెలా. రంపపు మిల్లు మనిషి, యాభై ఎనిమిదేళ్ళవాడు. ఆమె బస్సు నడిపిన మొదటి ఏడాది వెనక సీట్లో కూర్చుని అల్లరి చేసినవాడు. ఊళ్ళో వాడికున్నంత నోరు ఇంకొకరికి లేదు. అలాంటివాడు పత్రిక మడతపెట్టి చేత్తో పట్టుకుని వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"ఆరో మజిలీలో అసలు పిట్టలే లేవంటావా అక్కా?"

"ఉన్నాయని చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదురా."

"పద్దెనిమిదేళ్ళు అక్కడే తిరిగాను," అన్నాడు రైనో. గొంతు తగ్గించాడు. రైనో గొంతు తగ్గించగలడని సైమాకు అప్పటిదాకా తెలియదు. "నువ్వు ఆరు అని రాసినప్పటినుంచీ ప్రతి అక్టోబరూ మొదటి నాలుగు రోజులు ఆ తోపులోనే. ఒక్క ఈక కనబడితే ఒట్టు."

"మరి ఐదేసి కొట్టుకొస్తున్నానని ఇదే బల్ల దగ్గర..."

"అబద్ధం. వేరే దారిలో రెండో మూడో కొట్టి, అక్కడే కొట్టానని చెప్పేవాణ్ణి. నువ్వు ఆరు విన్నావాయె, నాకు ఒక్కటీ దొరకదాయె. తప్పు ఎవరిదనుకోను? అక్కడ ఆరు పిట్టలుండి కూడా కనిపెట్టలేని వేటగాడివిరా నువ్వు అనుకునేవాణ్ణి. మా నాన్న ఉంటే ఎంత తిట్టేవాడో అనుకునేవాణ్ణి." పత్రికను ఇంకో మడత పెట్టాడు. "వీరా అని నాకో కుక్క ఉండేది, గుర్తుందా?"

"మచ్చల కుక్క. గుర్తుంది."

"ఆ తోపులో పొద్దస్తమానం తిరిగి ఊరికే నా మొహం చూసేది. దద్దమ్మ, వాసన తెలియదు దీనికి అని మా బావమరిదికి ఇచ్చేశాను. వాసన ఎక్కడినుంచి వస్తుందక్కా, అక్కడ పిట్టుంటేగా? అది నిజమే చెబుతోంది నాకు, ఇక్కడేం లేదు రా పోదాం అని. బంగారంలాంటి కుక్క."

ఊరంతా నవ్వినా రాని కన్నీళ్ళు ఈ మాటకు సైమా కళ్ళలో తిరిగాయి. తన అంకె ఒక పిట్టను ఎక్కువ చూపించిందనుకుందే తప్ప, ఒక మనిషి తన మీద తనే నమ్మకం పోగొట్టుకుని పద్దెనిమిదేళ్ళు తిరిగాడని ఆమె ఊహకు కూడా అందలేదు.

"నన్ను క్షమించరా రైనో."

"క్షమాపణ నాకెందుకక్కా. పొద్దున్న మా ఆవిడ ఇది చదివి వినిపిస్తుంటే మంచం మీదనుంచి లేచి కూర్చున్నాను. నేను పనికిరాని వేటగాణ్ణి కాదన్నమాట. అంతే. అది చెబుదామనే వచ్చా." జేబులోంచి నలిగిపోయిన అడవి పటం తీసి బల్లమీద పరిచాడు. ఆరో మజిలీ దగ్గర కాగితం వేళ్ళ మురికితో నల్లబడి ఉంది. "ఇంతకీ ఎక్కడికి పొమ్మంటావ్ ఈ ఏడు? మూడు, తొమ్మిది అని రాశావు. నిజంగా విన్నావా?"

"విన్నాను."

"ఏ ఇంజనో కాదుగా?"

"చూశాను కూడా. తొమ్మిదో మజిలీ దాటాక కాలిపోయిన కొండవాలు ఉందే, అక్కడ కొత్త ఆస్పెన్ నడుం ఎత్తు వచ్చింది. జులై పన్నెండున తల్లి వెనక ఎనిమిది పిల్లలు. వేళ్ళతో లెక్కపెట్టాను. ఆ చుట్టుపక్కల రెండు మైళ్ళలో ఏ ఇంజనూ లేదు, నిన్న వెళ్ళి అది కూడా చూసొచ్చాను."

రైనో ఆమె మొహంలోకి చాలాసేపు చూశాడు. ఇదివరకు ఆమె రాసింది చదివి సెలవు పెట్టేవాడు గానీ, ఇలా మొహంలోకి చూసి అడగలేదు. ఎవరూ అడగలేదు.

"అయితే అక్టోబరు రెండో వారం," అన్నాడు. పెన్సిలు తీసి తొమ్మిదో మజిలీ చుట్టూ సున్నా చుట్టాడు. "మా బావమరిదినీ రమ్మంటా, వాడి పిల్లల్ని కూడా. మా ఇంట్లో పట్టరు. ట్రూడీ గదులు ఉంటాయా, తాళం వేస్తోందని ఎవరో అన్నారు?"

"వెయ్యదు," అంది సైమా, తనకు ఆ మాట అనే అధికారం లేకపోయినా. ఆ వెంటనే లేచి హోటలు ఫోను అందుకుంది. ట్రూడీ ఎత్తేదాకా కూడా ఆగలేక, మోగుతుండగానే నవ్వడం మొదలుపెట్టింది. వెనక బల్ల దగ్గర ఎవడో మళ్ళీ దుప్పు దుప్పుమని వాయిస్తున్నాడు. రైనో వాణ్ణి కసిరాడు.

"నోర్ముయ్యరా, అక్క మాట్లాడుతోంది. పిట్టలున్నాయి ఈ ఏడు."